రెండు గంటల్లో నరసింహుడు

అందరికీ తెలిసిన కథకు సారాంశం ఎందుకు? మెలట్టూరు ప్రహ్లాద నాటకం వేస్తున్న ప్రశ్న ఇదే

తంజావూరుకు దాదాపు 18 కిలోమీటర్ల దూరంలో ఉన్న మెలట్టూరులో ఏటా వైశాఖ మాసంలో, నరసింహ జయంతికి, వరదరాజ పెరుమాళ్ గుడి వీధిలో పందిరి లేస్తుంది. వేదిక గుడికి ఎదురుగా ఉంటుంది. ఒక చివర దేవుడు, మరో చివర నటులు, మధ్యలో జనం. రాత్రి బాగా పొద్దుపోయాక కోణంగి గెంతుతూ వస్తాడు. అతను వెళ్లాక గణపతి ముఖం తగిలించుకున్న చిన్న కుర్రాడు వచ్చి దీవించి పోతాడు. ఆ తర్వాతే అసలు నాటకం. హిరణ్యకశిపుడు, లీలావతి, ప్రహ్లాదుడు ఒక్కొక్కరే తమ తమ ప్రవేశ దరువులతో రంగంలోకి దిగుతారు. స్తంభంలోంచి నరసింహుడు వెలువడే వేళకు తూరుపు తెల్లబడుతూ ఉంటుంది.

నాటకం మొదలు నుంచి చివరిదాకా తెలుగు. చూసేవాళ్లలో ఎక్కువమంది తమిళులు. ఆడేవాళ్లంతా మగవాళ్లు, లీలావతి కూడా మగవాడే. వారిలో చాలామంది ఏడాదంతా నగరాల్లో ఉద్యోగాలు చేసుకుంటూ ఈ కొద్ది రోజులకు సెలవు పెట్టి ఊరికి వస్తారు. దీని పేరు భాగవత మేళం. కూచిపూడికి దగ్గరి చుట్టం. తెలుగు నేల వదిలి నాలుగు శతాబ్దాలైనా తెలుగును వదలని చుట్టం.

ఈ నాటకాన్ని నేటి ప్రేక్షకులకు ఎలా చేరవేయాలన్న ప్రశ్న కొత్తది కాదు. అయితే ఆ ప్రశ్నకు దొరుకుతున్న జవాబు మాత్రం దాదాపు ఎప్పుడూ ఒకటే: కుదించండి. నగరాల్లో నృత్యోత్సవాల నిర్వాహకులు ఒక బృందానికి ఇచ్చే సమయం గంటన్నర, మహా అయితే రెండు గంటలు. తెల్లవార్లూ సాగే నాటకం అందులో పట్టాలంటే కత్తెర పడాల్సిందే. ఏది కత్తిరించాలి, ఏది ఉంచాలి అన్న దగ్గరే అసలు చిక్కు. పురాణ కథల మీద అల్లిన నృత్య నాటకాలను, పోస్టర్ల మీద డాన్స్ బ్యాలే అని రాసే రూపకాలను, తిరిగి వేదిక ఎక్కించాలని చూసే ప్రతి ఒక్కరికీ ఎదురయ్యే చిక్కే ఇది.

కథ పాతబడిందనే వాదన ముందుగా పక్కన పెట్టవచ్చు. 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద. 1967లో ఎస్.వి. రంగారావు హిరణ్యకశిపుడిగా, బేబీ రోజారమణి ప్రహ్లాదుడిగా అదే కథ రంగుల్లో వచ్చింది. 2025 జులైలో విడుదలైన మహావతార్ నరసింహ అనే యానిమేషన్ చిత్రం భారతీయ యానిమేషన్ సినిమాల్లోకెల్లా అత్యధిక వసూళ్లు సాధించింది. పిల్లలను వెంటబెట్టుకుని కుటుంబాలు థియేటర్లకు కదిలాయి. కొత్త తరానికి పురాణం పట్టదనడం కుదరదు. రెండు గంటలకు పైగా కదలకుండా కూర్చునే ఓపిక లేదనడమూ కుదరదు. మరి మెలట్టూరు నాటకానికి, ఆ ప్రేక్షకులకూ మధ్య అడ్డుగా నిలిచింది ఏమిటి?

తెలుగు ఎలా చేరింది?

1565లో తళ్లికోట యుద్ధంతో విజయనగరం కూలాక కవులు, గాయకులు, భాగవతులు దక్షిణానికి తరలారు. వారికి తంజావూరు నాయక రాజులు ఆశ్రయమిచ్చారు. అచ్యుతప్ప నాయకుడు తెలుగు బ్రాహ్మణ కుటుంబాలకు ఇళ్లు, భూములు ఇచ్చి నిలబెట్టిన ఊరే నేటి మెలట్టూరు. అప్పట్లో అచ్యుతపురమని పేరు. 510 కుటుంబాలకు దానమిచ్చారని సంప్రదాయం చెబుతుంది. రఘునాథ నాయకుడి ఆస్థానంలో, ఆయన కొడుకు విజయరాఘవ నాయకుడి ఆస్థానంలో తెలుగు యక్షగానం రాజభోగం అనుభవించింది. విజయరాఘవుడు స్వయంగా యక్షగానాలు రాశాడు. నాయకుల తర్వాత వచ్చిన మరాఠా రాజులూ తెలుగును పక్కన పెట్టలేదు.

మెలట్టూరు నాటకాలకు ఇప్పుడున్న రూపం ఇచ్చినవాడు వెంకటరామ శాస్త్రి. త్యాగరాజుకు సమకాలికుడు, వయసులో పెద్దవాడు. ప్రహ్లాద చరిత్ర, ఉషా పరిణయం, హరిశ్చంద్ర, మార్కండేయ వంటి నాటకాలు ఆయనవి. దరువు, పద్యం, వచనం, శ్లోకం, జతి ఒకదాన్నొకటి అందుకుంటూ సాగే రచన అది. పాత్ర వస్తుంది, తనెవరో పాటలో చెప్పుకుంటుంది, ఆ పాటకు అడుగులేస్తుంది, ఆపై మాటల్లోకి దిగుతుంది. కచేరీకి కచేరీ, నాట్యానికి నాట్యం, నాటకానికి నాటకం. మూడింటిలో ఏ ఒక్కటి లేకున్నా మిగిలిన రెండూ కుంటుతాయి.

ఇలాంటి మేళాలు కావేరి తీరంలో మెలట్టూరుతో పాటు శాలియమంగళం, తేపెరుమానల్లూరు, ఊత్తుక్కాడు, నల్లూరు, శూలమంగళం వంటి ఊళ్లలోనూ ఉండేవి. ఇరవయ్యో శతాబ్దిలో చదువులు, ఉద్యోగాలు కుటుంబాలను పట్టణాలకు లాగాయి. కొన్ని ఊళ్లలో నాటకం ఆగిపోయింది. మెలట్టూరులోనూ కొంతకాలం దీపం కొడిగట్టింది.

దాన్ని మళ్లీ వెలిగించడంలో బయటివాళ్ల పాత్రా ఉంది. మద్రాసులో న్యాయవాది ఇ. కృష్ణ అయ్యర్. సదిరాటకు భరతనాట్యంగా గౌరవం తెచ్చేందుకు ఉద్యమించిన ఈయన మెలట్టూరు నటేశ అయ్యర్ దగ్గర నాట్యం నేర్చుకుని, స్త్రీ వేషం వేసి సభల్లో ఆడారు. ఆ ఊరి నాటకాన్ని నగరాల దృష్టికి తెచ్చినవారిలో ముందు చెప్పుకోవాల్సిన పేరు ఆయనది. 1936లో కళాక్షేత్రను స్థాపించిన రుక్మిణీ దేవి అరండేల్ మెలట్టూరు బాలు భాగవతార్‌ను రప్పించుకుని ఉషా పరిణయం, రుక్మాంగద చరిత్రం వంటి నాటకాలను తన వేదికకు తగినట్టు మలిచారు. అక్కడ స్త్రీలు నర్తించారు. దుస్తులు, వెలుగు, రంగస్థల క్రమశిక్షణ అన్నీ కళాక్షేత్ర పద్ధతిలో ఒదిగాయి.

అలా ఒకే నాటకానికి రెండు దారులు ఏర్పడ్డాయి. ఊళ్లో ఊరి నాటకం ఊరి పద్ధతిలోనే కొనసాగింది; మారిందల్లా నూనె దీపాల స్థానంలో విద్యుత్ దీపాలు, గొంతుకు తోడు మైకు. నగరంలో అది కొత్త శరీరంతో మొదలైంది. రెండూ పునరుద్ధరణలే. ఒకటి చోటును కాపాడుకుంది, మరొకటి చూపరులను సంపాదించుకుంది.

కత్తెర పడితే

కూచిపూడి అనుభవం ఇక్కడ పనికొస్తుంది. వెంపటి చిన సత్యం 1947లో మద్రాసు చేరారు. 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీని నెలకొల్పారు. శ్రీకృష్ణ పారిజాతం, క్షీరసాగర మథనం, పద్మావతీ శ్రీనివాసం వంటి రూపకాలను ఆధునిక వేదికకు సరిపోయేలా తీర్చారు. ఎస్.వి. భుజంగరాయ శర్మ సాహిత్యం, పట్రాయని సంగీతరావు సంగీతం వాటికి వెన్నుదన్ను. తెల్లవార్లూ సాగే వీధి భాగవతాన్ని రెండు, రెండున్నర గంటల నృత్య నాటకంగా మార్చి, నిలబెట్టి చూపిన ఘనత ఆయనది. అయితే ఒక సంగతి మరవకూడదు. ఆయన పాత యక్షగానాలను కత్తిరించి సరిపెట్టలేదు. ఆ నిడివికి తగ్గట్టు కొత్తగా రాయించారు, కొత్తగా స్వరపరిపించారు. అది కుదింపు కాదు, పునఃసృష్టి.

కుదింపు ఎలా ఉంటుందో భామాకలాపం చెబుతుంది. ఒకప్పుడు రాత్రంతా సాగిన ఈ కలాపంలో సత్యభామ ఎంత ముఖ్యమో, ఆమెను మాటల్లో పెట్టి రెచ్చగొట్టే మాధవి అంత ముఖ్యం. ఇప్పుడు నృత్య కచేరీల్లో ఎక్కువగా కనిపించేది సత్యభామ ప్రవేశ దరువు ఒక్కటే. జడ ముందుకు వేసుకుని, తన అందాన్నీ తన గొప్పనూ చెప్పుకుని నర్తకి నిష్క్రమిస్తుంది. అందం మిగిలింది, గర్వం మిగిలింది. ఆ గర్వాన్ని గిల్లే మాధవి లేదు, దిగజారే క్షణం లేదు, నవ్వు లేదు. వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామను చూసినవాళ్లు దశాబ్దాలపాటు తలచుకున్నది ఆయన నడకను మాత్రమే కాదు. మాధవితో ఆయన ఆడిన మాటల ఆటను కూడా. నాటకంలోంచి పాటను వేరుచేస్తే అంశం దొరుకుతుంది, నాటకం పోతుంది.

పడమటి దేశాల బ్యాలేలోనూ ఇదే పాఠం కనిపిస్తుంది. రోమన్ పురాణాల డయానా దేవత, ఆమె చెలి సిల్వియా, మన్మథుడి లాంటి ఈరోస్, వీరి చుట్టూ అల్లిన సిల్వియా బ్యాలే 1876లో పారిస్‌లో మొదటిసారి వేదికెక్కింది. లియో దెలీబ్ సంగీతానికి మెచ్చుకోళ్లు దక్కాయి, కథ మాత్రం బలహీనమన్నారు. 1952లో లండన్‌లో ఫ్రెడరిక్ ఆష్టన్ దాన్ని మార్గో ఫాంటేన్ నాయికగా మూడంకాల్లో కొత్తగా కూర్చారు. 1967లో ఆయనే దాన్ని ఒకే అంకానికి కుదించారు. కుదించిన రూపం నిలవలేదు. ఆష్టన్ శతజయంతి సందర్భంగా 2004లో రాయల్ బ్యాలే మళ్లీ మూడంకాల రూపాన్నే వెలికితీసింది. క్రిస్టఫర్ న్యూటన్ పాత ఆధారాలను, జ్ఞాపకాలను పోగుచేసి దాన్ని తిరిగి నిలబెట్టారు. సృష్టికర్త చేతి కత్తెర కన్నా పూర్తి రూపానికే ఆయుష్షు ఎక్కువైంది.

మెలట్టూరు ప్రహ్లాదకు కత్తెర పడితే ముందుగా తెగేది మాటలే. జతులు ఉంటాయి, ఎందుకంటే చప్పట్లు అక్కడ పడతాయి. నరసింహుడు ఉంటాడు, ఎందుకంటే ఫొటోలు అక్కడ దొరుకుతాయి. తండ్రీకొడుకుల వాదం రెండు మూడు వాక్యాలకు కుంచించుకుపోతుంది. లీలావతి వచ్చి, కంటనీరు పెట్టుకుని, వెళ్లిపోతుంది. చివరికి మిగిలేది ఒక రాక్షసుడు, ఒక దేవుడు, మధ్యలో ఒక చప్పుడు. ఆ మాత్రం సినిమా ఇంకా బాగా చూపగలదు. యానిమేషన్ ముందు, గ్రాఫిక్స్ ముందు అట్ట స్తంభం, పొగ యంత్రం ఎప్పటికీ గెలవలేవు.

నాటకం గెలిచే చోటు వేరే ఉంది. హిరణ్యకశిపుడు నిజంగా అడుగుతున్నదేమిటి? సర్వలోకాలు అతని చేతిలో ఉన్నాయి. దిక్పాలకులు అతనికి దణ్ణం పెడతారు. ఇంకా కావలసింది ఒక్కటే: బడిలో గురువులు తన పేరు నేర్పాలి, పిల్లాడు తన పేరు పలకాలి. లోకమంతా ఒప్పుకున్నా ఒక్క చిన్నవాడు ఒప్పుకోకపోవడం అతనికి నిద్ర పట్టనివ్వదు. బలం ఉన్నవాడికి భయం ఎక్కడ మొదలవుతుందో ఇంత సూటిగా చెప్పిన కథలు తక్కువ. చండామార్కులు నేర్పిన పాఠం ఒకటి, కుర్రాడు చెప్పే పాఠం ఒకటి. ఉద్యోగం పోతుందన్న బెంగతో వణికే ఆ గురువులను చూసి ఏ కాలపు ప్రేక్షకుడైనా ఎవరినో ఒకరిని గుర్తు చేసుకుంటాడు.

లీలావతి సంగతి ఇంకా లోతైనది. భర్త మాట కాదనలేదు, కొడుకు మాట తప్పనలేదు. మెలట్టూరులో ఈ పాత్ర పోషించిన ఎస్. నటరాజన్ వంటి నటులకు పేరు తెచ్చిపెట్టింది ఆ నలుగుబాటే. భర్తను బతిమాలడం, కొడుకును బుజ్జగించడం, మళ్లీ భర్త దగ్గరకు వెళ్లడం. ఈ తిరుగుడుకు సమయం కావాలి. అయిదు నిమిషాల్లో చూపితే ఏడుపు. గంటలో చూపితే జీవితం.

ఒక్క ఘట్టం చాలు

పురాణ కథకు ఉన్న పెద్ద సౌకర్యం అది అందరికీ తెలిసి ఉండటం. ప్రహ్లాదుడికి చివరికి ఏమవుతుందో తెలుసుకోవడానికి ఎవరూ టికెట్ కొనరు. అలాంటప్పుడు ఆది నుంచి అంతం దాకా అంతా చెప్పి తీరాలన్న ఆత్రం ఎందుకు? తెలిసిన కథకు సారాంశం చెప్పడమంత దండగ మరొకటి లేదు. మొత్తం నాటకాన్ని తుంపులు తుంపులుగా చూపే బదులు ఒక్క ఘట్టాన్ని ఎంచుకుని పూర్తి నిడివిలో, పూర్తి మాటలతో చూపితే రెండు గంటలు చక్కగా సరిపోతాయి. లీలావతి బతిమాలుకోవడం ఒక సాయంత్రం. బడి ఒక సాయంత్రం. స్తంభం ముందు వాదం మరో సాయంత్రం.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. కేరళ కూడియాట్టం శతాబ్దాలుగా చేస్తున్నది ఇదే. సంస్కృత నాటకాన్ని మొత్తంగా ఆడటం కన్నా అందులో ఒక అంకాన్ని తీసుకుని రాత్రుల తరబడి విస్తరించడం దాని పద్ధతి. గుడిలోని కూత్తంబలాలకే పరిమితమైన ఆ కళను గుడి బయటకు తెచ్చినవారిలో పైంకుళం రామ చాక్యార్ ఒకరు. సొంతవాళ్ల నుంచే అభ్యంతరాలు ఎదుర్కొన్నారు. 1965లో కేరళ కళామండలం కూడియాట్టం విభాగం ప్రారంభించి ఇతర కులాల విద్యార్థులకూ తలుపులు తెరిచింది. 2001లో యునెస్కో దాన్ని మానవాళి వారసత్వ కళాఖండంగా ప్రకటించింది. బయటకు వచ్చినా కూడియాట్టం తన నిదానాన్ని వదులుకోలేదు. నిదానమే దాని గుర్తింపు అయింది. కథకళి కూడా అంతే. గుడి ఉత్సవాల్లో రాత్రంతా సాగే ఆట ఉంది, నగర వేదిక మీద ఎంచుకున్న ఘట్టంతో ముగిసే ఆట ఉంది. ఒకదాని కోసం మరొకదాన్ని చంపలేదు.

అయితే ఘట్టాన్ని పూర్తిగా చూపితే చాలదు. అది అర్థం కావాలి. మెలట్టూరు నాటకానికి అసలు అడ్డంకి నిడివి కాదు, భాష. పాడేవారికి తెలుగు వంశపారంపర్యంగా వచ్చిన ఆస్తే. కానీ చదువు తమిళంలోనో, ఇంగ్లిష్‌లోనో సాగిన కుర్రాళ్లు పాఠాన్ని తమిళ లిపిలో రాసుకుని వల్లె వేయాల్సి వస్తుంది. తమిళ లిపిలో క, ఖ, గ, ఘలకు ఉన్నది ఒకే అక్షరం. గురువు నోటి నుంచి సరైన పలుకు వినకపోతే ఏ మాట ఏమవుతుందో చెప్పలేం. చూసేవారిలో చాలామందికి రాగం తెలుసు, కథ తెలుసు. పద్యంలోని చమత్కారం, వచనంలోని ఎత్తిపొడుపు తెలియవు. చెన్నైలో తెలుగు తెలియక, ఢిల్లీలో అసలే తెలియక, హైదరాబాద్‌లో రెండు శతాబ్దాల కిందటి తెలుగు వేగంగా చెవిన పడి అందక, ముగ్గురు ప్రేక్షకులూ ఒకే చోట నష్టపోతారు.

దీనికి మందు ఖరీదైనదేమీ కాదు. 1983లో టొరంటోలో కెనడియన్ ఒపెరా కంపెనీ పాట సాగుతుండగా వేదిక పైభాగాన అనువాద వాక్యాలు చూపడం మొదలుపెట్టింది. దృష్టి చెదురుతుందని సంగీతాభిమానులు కొందరు మొదట్లో గొడవ చేశారు. ఇప్పుడు ఆ తెర లేని పెద్ద ఒపెరా థియేటర్ కనిపించడం అరుదు. ఒక ప్రొజెక్టర్, నాటకం తెలిసినవారు చేసిన మంచి అనువాదం, సరిగ్గా మాట పడే క్షణానికి వాక్యం మార్చే ఒక మనిషి ఉంటే చాలు. రంగురంగుల లైట్లకు పెట్టే ఖర్చులో కొంత ఇటు మళ్లిస్తే హిరణ్యకశిపుడు మొదటిసారి ఢిల్లీ ప్రేక్షకుడితో నేరుగా మాట్లాడతాడు.

తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాలకు, అకాడమీలకు ఇందులో పని ఉంది. సన్మానాలు, శాలువాలు కాదు. మెలట్టూరు, శాలియమంగళం వంటి ఊళ్లలోని పాఠాలను పక్కపక్కన పెట్టి శుద్ధ ప్రతులు సిద్ధం చేయడం, తెలుగు లిపితో పాటు తమిళ లిపిలోనూ ఉచ్చారణ గుర్తులతో అందించడం, నేర్చుకునే పిల్లలకు వేసవిలో కొద్ది వారాలు తెలుగు చెప్పే మనిషిని పంపడం. అడిగేది భాష గురించి, ఇవ్వాల్సిందీ భాషే.

కదలనిది ఒకటి

ఎంత చేసినా వేదిక మీదికి రానిది ఒకటి ఉంటుంది. మెలట్టూరులో నరసింహుడి ముఖం రంగస్థల సామగ్రి కాదు. గుడిలో పూజలందుకునే దైవరూపం. దాన్ని ధరించే వ్యక్తి ఉపవాసం ఉంటాడు. ముఖం తొడిగాక అతనికి ఆవేశం వస్తుందన్నది ఊరి నమ్మకం. అతను హిరణ్యకశిపుడి మీదకు దూకకుండా ఇద్దరు ముగ్గురు పట్టుకుని ఆపుతారు. ఆ క్షణాన జనం ప్రేక్షకులు కారు, భక్తులు. చేతులు జోడిస్తారు. నగర ప్రేక్షకుడికి అది నటనలో పరాకాష్ఠగా కనిపించవచ్చు. ఊరికి అది నటన కాదు.

ఏసీ హాల్లో, టికెట్ కొన్న కుర్చీల ముందు, తొమ్మిదింటికల్లా ముగించాలన్న గడువు మధ్య ఆ ఆవేశాన్ని నటించమనడం ఊరికి అన్యాయం, హాలుకూ అన్యాయమే. దానికి బదులు నగర ప్రదర్శన స్తంభం ముందు వాదంతో ఆగిపోవచ్చు. ఎక్కడున్నాడు నీ దేవుడని తండ్రి అడుగుతాడు. అంతటా ఉన్నాడని కొడుకు చెబుతాడు. గద ఎత్తిన చెయ్యి అలాగే ఉండగా దీపం ఆరిపోతే, మిగిలింది చూడాలనుకున్నవాడు వైశాఖంలో రైలెక్కుతాడు. కళను జనం దగ్గరకు తీసుకెళ్లాలన్న మాట ఎంత నిజమో, కొన్నింటి దగ్గరకు జనమే వెళ్లాలన్నదీ అంతే నిజం.

ఊరికీ ఊరి ప్రశ్నలు ఉన్నాయి. కొన్ని కుటుంబాల మగపిల్లల మీదే ఆధారపడిన మేళం ఎన్నాళ్లు నిలుస్తుంది? కూచిపూడి స్త్రీలకు తలుపు తీసింది, కూడియాట్టం కులాల గోడ దాటింది. రెండూ బతికాయి. కాకపోతే కూచిపూడిలో స్త్రీలు వచ్చాక స్త్రీ వేషం కట్టే పురుషుల విద్య వెనకబడింది. ఒక తలుపు తెరుచుకుంటే మరొకటి నెమ్మదిగా మూసుకోవచ్చు. మెలట్టూరు ఏ తలుపు తీయాలో మెలట్టూరే తేల్చుకోవాలి. వచ్చి చూసేవారు సలహా ఇవ్వగలరు కానీ, ఏటా సెలవు పెట్టి వచ్చి రాత్రంతా నిలబడేది వాళ్లు కాదు.

ఒడిశా దక్షిణ భాగంలో గంజాం ప్రాంతపు ప్రహ్లాద నాటకం ఈ విషయంలో ధైర్యం చెబుతుంది. తెలుగు సరిహద్దులోని జలంతర రాజు రామకృష్ణ ఛోటరాయ్ పేరిట ప్రసిద్ధమైన ఆ నాటకంలో హిరణ్యకశిపుడు మెట్ల మెట్ల వేదిక పైఅంచున సింహాసనం వేసుకుని కూర్చుంటాడు, మెట్లు దిగుతూ ఎక్కుతూ నర్తిస్తాడు. ఊళ్ల బృందాలు ఒకదానితో ఒకటి పోటీపడి రాత్రంతా ఆడతాయి. అక్కడ ఎవరూ దాన్ని పునరుద్ధరించాల్సిన అవసరం రాలేదు. తమ ఊరి బృందం గెలవాలన్న పంతమే దానికి ప్రాణం పోసింది. ప్రేక్షకుడికి తనదంటూ ఏదో ఒకటి ఉంటే నిడివి భారం కాదు.

నగర ప్రేక్షకుడికి ఊరి పంతం ఉండదు. అతనికి ఇవ్వగలిగింది అర్థం. ఒక మాట అర్థమై నవ్వినవాడు తర్వాతి మాట కోసం ముందుకు వంగుతాడు. వంగినవాడు వాచీ చూసుకోడు.

నరసింహ జయంతి మర్నాడు పొద్దున మెలట్టూరు వీధిలో పందిరి కింద ఇసుక, నలిగిన పూలు మిగులుతాయి. ముఖం గుడిలోకి తిరిగి వెళుతుంది. లీలావతి మీసం లేని మొహం కడుక్కుని, మిగిలిన రాత్రుల నాటకాలు కూడా ముగిశాక, సెలవు చీటీలో రాసిన తేదీకి ఉద్యోగంలో చేరడానికి బయల్దేరుతుంది. రాత్రంతా ఆ గొంతు పలికిన తెలుగును ఎవరైనా విన్నారా, విన్నది అర్థమైందా అన్న ప్రశ్న మాత్రం వచ్చే వైశాఖం దాకా అక్కడే ఉంటుంది.